బోల్టులు లేని స్లాట్ కాన్యన్: రాళ్ళ కుప్పకు వేలాడొచ్చా?

#1 కొండమల్లి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మేం నలుగురం. ఇప్పటిదాకా యూటాలో జయాన్ పార్కు దాటి పోలేదు. పైన్ క్రీక్, కీహోల్, మిస్టరీ లాంటి స్లాట్ కాన్యన్లు (నీరు కోసిన ఇరుకు రాతి లోయలు) దిగాం. అక్కడ రాపెల్ (తాడు మీద దిగే) చోటికి వెళ్తే బోల్టులు కనిపిస్తాయి, తాడు దూర్చి దిగిపోవడమే. ఈ అక్టోబరులో రాబర్స్ రూస్ట్ వైపు ఒక 3ఎ (తాడుతో దిగాల్సిన, పొడి రకం) కాన్యన్ అనుకుంటున్నాం. నీళ్ళు పెద్దగా ఉండవు, పొడవైన రాపెల్ 25 మీటర్లు. కానీ వివరాల్లో "అన్నీ సహజ యాంకర్లే" అని ఉంది, అంటే తాడు కట్టడానికి అక్కడి రాళ్ళూ చెట్లే ఆధారం. అక్కడే టెన్షన్ మొదలైంది.

చాక్‌స్టోన్ (గోడల మధ్య ఇరుక్కున్న రాయి), చెట్టు అయితే అర్థమవుతుంది. రాళ్ళు పేర్చి దానికి వెబ్బింగ్ (నైలాన్ పట్టీ) కట్టి మనిషి వేలాడటం మాత్రం మనసుకు ఎక్కడం లేదు. కుప్ప ఎంత పెద్దదైతే చాలు? ముందు వెళ్ళినవాళ్ళు వదిలేసిన వెబ్బింగ్ ఉంటే వాడుకోవచ్చా? ఇంకోటి, మాలో బరువుల తేడా ఎక్కువ. మా ఆయన 95 కిలోలు, నేను 54. ఎవరు ముందు దిగాలి?

#2 రాళ్ళబాట

కొండమల్లి గారూ, కుప్ప ఎంత పెద్దది అన్నది తర్వాతి సంగతి. అది దేని మీద కూర్చుంది, లాగుడు ఎటు పడుతుంది అన్నవి ముందు చూడాలి. అంచు వైపు వాలిన నున్నటి శాండ్‌స్టోన్ మీద, పైన పల్చగా ఇసుక ఉన్నచోట, ఎంత పేర్చినా చక్రాల బండి మీద పేర్చినట్టే.

నేను చేసేది చెప్తాను. మొదట బండ మీది ఇసుకను చేత్తో ఊడ్చేస్తాను. అంచుకు కాస్త వెనక చిన్న గుంటో, గట్టో ఉన్న చోటు చూస్తాను. అసలు రాయి దానికి తన్నిపెట్టి ఉండాలి. ఆ రాయి ఇద్దరు కష్టపడి దొర్లించేంత బరువుండాలి. వెబ్బింగ్ రాయి అడుగున, నేలకు ఆనుకుని చుట్టాలి. పైభాగానికి కడితే లాగినప్పుడు రాయి ముందుకు పల్టీ కొడుతుంది. అడుగున కడితే జారాల్సిందే తప్ప పల్టీ కొట్టలేదు. ఆ తర్వాత బరువైన రాళ్ళను ముందు వైపు, అంటే అంచు వైపు, ఒకదానికొకటి ఆనేలా పెట్టాలి. మిగతావి అసలు రాయి నెత్తిన. వెనక పేర్చినవి ఫొటోలో బాగుంటాయి అంతే. పని చేసేవి ముందువీ, పైవీ.

వెబ్బింగ్ ఎక్కడా పదునైన అంచు మీద ఒరుసుకోకూడదు. అవసరమైతే రాతి అంచును ఇంకో రాయితో నూరేస్తాను. బయటికొచ్చే పట్టీ నేలబారుగా, లాగే దిక్కులోనే రావాలి. క్విక్ లింక్ (తాడు దూర్చే, మరతో బిగించే లోహపు లింకు) అంచు దాటి కొంచెం వేలాడితే తాడు లాగడం సుఖం, బండ మీద తాడు గాడులూ పడవు. కాకపోతే దిగడం మొదలుపెట్టేటప్పుడు కాస్త ఇబ్బంది. ఆ ఇబ్బంది పడటమే నయం.

రాళ్ళు లేక ఇసుకే ఉంటే డెడ్‌మన్. లాగే దిక్కుకు అడ్డంగా లోతైన కాలువ తవ్వి, బల్లపరుపు రాయో మొద్దో పాతిపెట్టి, పట్టీ బయటికి రావడానికి ఇంకో సన్నటి గాడి తీయాలి. ఆ గాడి తీయకపోతే పట్టీ ఏటవాలుగా పైకి లాగి, పాతిపెట్టినదాన్ని పెకలించేస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే. పూడ్చాక కాళ్ళతో గట్టిగా తొక్కాలి. పొడి ఇసుక కన్నా తడి ఇసుక బాగా గట్టిపడుతుంది.

#3 తాడుంది_బొంగరంలేదు

నా పేరు చూసి సలహా తీసుకోవాలో వద్దో మీరే నిర్ణయించుకోండి :)

పాత వెబ్బింగ్ గురించి: అది మనకు చెప్పేది ఒక్కటే, "ఇక్కడ ఎవరో దిగారు". ఎప్పుడు దిగారో, ఆ తర్వాత ఎన్ని వరదలొచ్చాయో చెప్పదు. స్లాట్‌లో వరదొస్తే మనిషంత బండలే చోటు మారతాయి. అందుకే వివరాల్లో "చాక్‌స్టోన్‌కు 12 మీటర్లు" అని రాసి ఉన్నా, అక్కడికెళ్ళేసరికి చాక్‌స్టోన్ కిందికి పోయి, దిగాల్సింది 15 మీటర్లు అయ్యుండొచ్చు.

#4 నిదానం

తాడుంది చెప్పింది నిజం. నేను కాస్త వివరంగా.

పాత యాంకర్ కనిపిస్తే కుప్పను పూర్తిగా విప్పి చూస్తాను. పైన పట్టీ కొత్తగా మెరుస్తున్నా, రాయి కింద ఇసుకలో ఒరుసుకుని సగం తెగి ఉండొచ్చు. ఎండ తగిలే వైపు రంగు వెలిసి గరుకుగా మారితే కోసేసి జేబులో వేసుకోవడమే. ముడి వాటర్ నాట్ (పట్టీ కొసలను కలిపే ముడి) అయితే తోకలు, అంటే ముడి దాటి మిగిలే కొసలు, కనీసం 8 సెంటీమీటర్లు ఉండాలి. ఆ ముడి లాగి వదిలి, లాగి వదిలి చేస్తుంటే మెల్లగా తోకలను మింగేస్తుంది. క్విక్ లింక్ మర పూర్తిగా బిగిసిందో లేదో, లోపలి వైపు తాడు కోసిన గాడి ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

ఒకే రాయికి నాలుగైదు పట్టీలు చుట్టి ఉంటే అది బలం కాదు. ఏది మంచిదో తెలియని అయోమయం. అన్నీ తీసేసి ఒక్క కొత్తది కట్టండి. విప్పడానికి, మళ్ళీ పేర్చడానికి అరగంట పడుతుంది. అక్టోబరులో పొద్దు త్వరగా వాలుతుంది కాబట్టి ఆ సమయం ముందే లెక్కలో ఉండాలి.

#5 ఇసుకతిన్నె

వృత్తిరీత్యా సివిల్ ఇంజనీర్‌ని, అంకెలు లేకుండా ఉండలేను.

మీ ఆయన, సామానుతో కలిపి, 105 కిలోలు అనుకుందాం. కుదుపుల్లేకుండా దిగితే యాంకర్ మీద దాదాపు 1 కిలోన్యూటన్. గెంతుతూ దిగితే రెండింతలు దాటొచ్చు. కాబట్టి 2 పెట్టుకుందాం. ఒక అంగుళం ట్యూబ్యులర్ నైలాన్ వెబ్బింగ్ కొత్తది దాదాపు 18 కిలోన్యూటన్లు మోస్తుంది. ముడి వల్ల మూడో వంతు పోయినా బోలెడంత మిగులుతుంది. అంటే తెగడం భయం కాదు, కుప్ప కదలడమే భయం.

రాయికీ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, సమతలం మీద 2 కిలోన్యూటన్లు ఆపడానికి 340 కిలోల రాళ్ళు కావాలి. ఘనపు మీటరులో ఏడో వంతు రాయి అన్నమాట, మధ్యలో ఖాళీలు కలుపుకుంటే కుప్ప ఇంకాస్త పెద్దది. అదే నేల అంచు వైపు 10 డిగ్రీలు వాలితే దాదాపు 490 కిలోలు. ఇసుక పొర ఉంటే గుణకమే పడిపోతుంది, లెక్క మళ్ళీ మొదటికి. రాళ్ళబాట అన్న ఊడ్చమన్నది అందుకే.

రాయి చుట్టూ పట్టీ బిగుతుగా కట్టి రెండు కొసలూ వెడల్పుగా విచ్చుకుంటే ఒక్కో కొస మీద భారం పెరుగుతుంది. మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కోదాని మీద 58 శాతం, 90 అయితే 71, 120 దగ్గర రెండింటి మీదా నూటికి నూరు. కాస్త పొడుగు పట్టీ వాడితే ఈ గొడవ ఉండదు.

#6 జారుడుబండ

బాగుంది సార్, కాన్యన్‌లోకి తూకం కూడా మోసుకెళ్దాం.

#7 ఇసుకతిన్నె

తూకం అక్కర్లేదు బ్రదర్. "రెండు పెద్ద రాళ్ళు పెట్టాం, చాల్లే" అనేవాళ్ళకు అది వంద కిలోలు కూడా కాదని తెలియడానికి రాశాను. తాడు అంచు మీదుగా వంగి వెళ్తే కొంత భారం అక్కడే ఘర్షణలో పోతుంది, కాబట్టి నా లెక్క జాగ్రత్త వైపే మొగ్గుతుంది.

#8 కొండమల్లి

అందరికీ థాంక్స్. లెక్క చూశాక నిజంగా ధైర్యం వచ్చింది. భయానికి ఒక కొలత దొరికింది కదా! ఇక బ్యాకప్ గురించి చెప్పండి. యాంకర్ సరిపోతుందో లేదో మొదటి మనిషి వేలాడితేనే తెలుస్తుందంటే, అది ఆ మనిషి మీద ప్రయోగం కదా?

#9 రాళ్ళబాట

ప్రయోగమే. ఆ మనిషికి ఏమీ కాకుండా చేసే ప్రయోగం. అంచుకు దూరంగా, మంచి చోట ఒకరు కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంటారు. ఇద్దరైతే ఇంకా మంచిది. వాళ్ళ హార్నెస్ నుంచి యాంకర్ దగ్గర తాడుకు ఇంకో లంకె ఉంటుంది. ఆ లంకెలో అరచేయంత వదులు ఉండాలి. అసలు కిటుకు ఇక్కడే. బిగుతుగా ఉంటే భారం కూర్చున్నవాళ్ళ మీదే పడుతుంది, కుప్ప గురించి ఏమీ తెలీదు. మరీ వదులైతే కుప్ప కదిలినప్పుడు కుదుపుతో పట్టుకోవాల్సి వస్తుంది.

ముందు అందరికన్నా బరువైనవాళ్ళు దిగుతారు, వీలైతే సంచులు కూడా వాళ్ళతోనే. అంతకన్నా ముందు అంచుకు వెనకే ఉండి, బ్యాకప్‌తోనే, దిగే దిక్కులో ఇద్దరు కలిసి మెల్లగా బలం పెంచుతూ లాగి చూడాలి. దిగుతున్నంతసేపూ ఒకరు పక్కన పడుకుని రాళ్ళనే చూడాలి. రాయి పక్కన ఇసుకలో గీత గీసి పెట్టుకుంటే వెంట్రుకంత కదిలినా తెలుస్తుంది. బరువైనవాళ్ళు దిగినా గీత చెక్కు చెదరకపోతే, చివరి మనిషికి బ్యాకప్ తీసేస్తాం. ఆ చివరి మనిషి అందరికన్నా తేలిక, సంచీ లేకుండా, కుదుపు లేకుండా దిగుతారు. మీ లెక్కలో మీ ఆయన ముందు, మీరు చివర.

#10 జారుడుబండ

ఇప్పుడు సీరియస్‌గా అడుగుతున్నా. "తేలికైనవాళ్ళు చివర" అని అందరూ మంత్రంలా చెప్తారు. మా బృందంలో తేలికైన అమ్మాయి కొత్తగా వచ్చింది. చివరి మనిషి పని దిగడం ఒక్కటే కాదు. బ్యాకప్ విప్పాలి, తాడు బ్లాక్ (తాడు లింకులోంచి జారకుండా ఆపే అడ్డు) సరిగ్గా ఉందో చూడాలి, లాగే తాడు మెలిపడకుండా దింపాలి. సందేహం వస్తే అడగడానికి పైన ఎవరూ ఉండరు. కొత్తవాళ్ళను అక్కడ ఒంటరిగా వదిలేయడం నాకు తప్పనిపిస్తుంది.

#11 నిదానం

తప్పే. చివర దిగాల్సింది పని తెలిసినవాళ్ళలో తేలికైనవాళ్ళు. ఆ అమ్మాయిని మధ్యలో దింపండి. అనుభవమున్న 70 కిలోల మనిషి చివర దిగాల్సి వస్తే, ముందు 95 కిలోల మనిషీ సంచులూ దిగినప్పుడు యాంకర్ కదల్లేదు కాబట్టి ఆ తేడా సరిపోతుంది. అందరూ ఇంచుమించు ఒకే బరువున్న బృందానికే అసలు ఇబ్బంది. వాళ్ళు బరువైన మనిషితో సంచులన్నీ దింపి తేడాను పుట్టించుకోవాలి.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి. కింద నుంచి ఫైర్‌మన్ బిలే పట్టుకునేవాళ్ళు తాడు గట్టిగా లాగితే దిగే మనిషి ఆగుతారు, నిజమే. కానీ ఆ లాగుడు కూడా యాంకర్ మీదే పడుతుంది. దూరంగా నిలబడి లాగితే దిక్కు కూడా మారుతుంది. బలహీనమైన యాంకర్ మీద చివరి మనిషి దిగేటప్పుడు కింది మనిషి గోడకు దగ్గరగా, తాడు వదులుగా పట్టుకుని ఉండాలి. చివరి మనిషి తన ఆటోబ్లాక్ (చెయ్యి వదిలినా తాడును పట్టేసే చుట్టు ముడి) తానే వేసుకుంటే ఇంకా మంచిది.

దిగడం మొదలుపెట్టే తీరు కూడా ముఖ్యం. యాంకర్ నేలమట్టంలో ఉన్నప్పుడు అంచు దగ్గర లేచి నిలబడితే పట్టీ పైకి లేస్తుంది. కూర్చుని, పొట్ట మీదికి తిరిగి, బండను ఒరుసుకుంటూ జారండి. చూడ్డానికి అందంగా ఉండదు.

#12 నీళ్ళకుండ

శాండ్‌ట్రాప్ కొనుక్కుంటే ఈ రాళ్ళ కూలీ పని తప్పుతుంది కదా? గుడ్డలో ఇసుక నింపడం, దిగడం, కింద నుంచి తాడు లాగితే ఇసుక ఒలికిపోయి గుడ్డ వచ్చేయడం. వెనక ఏమీ మిగలదు. వెబ్బింగ్ చెత్త కూడా ఉండదు.

#13 రాళ్ళబాట

మంచి పరికరమే, నేనూ వాడతాను. కానీ ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు అదే మొదటి అడుగని మాత్రం అనను. ముందు అక్కడ ఇసుక ఉండాలి. నేల అంచు వైపు వాలకూడదు. ఖాళీ చేసే తాడు పొరపాటున ముందే బిగిస్తే మనిషి దిగుతుండగానే ఇసుక ఒలుకుతుంది. ఇంటి దగ్గర, నేల మీద, పడినా దెబ్బ తగలని చోట బాగా సాధన చేశాకే కాన్యన్‌లోకి తీసుకెళ్ళాలి.

#14 ఇసుకతిన్నె

ఇక్కడ అన్నతో విభేదిస్తాను. చేత్తో పేర్చిన కుప్ప ప్రతిసారీ వేరుగా ఉంటుంది. శాండ్‌ట్రాప్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాని హద్దులు నేర్చుకోవచ్చు. పైగా రూస్ట్ లాంటి చోట్ల ప్రతి బృందమూ ఒక పట్టీ వదిలేస్తూ పోతే కొన్నేళ్ళకు రాపెల్ చోట్లన్నీ గుడ్డపీలికలే.

#15 రాళ్ళబాట

పీలికల సంగతి ఒప్పుకుంటా. కానీ శాండ్‌ట్రాప్ పని చేయనిరోజు రాళ్ళు పేర్చడం రాకపోతే ఏం చేస్తారు? ముందు రాళ్ళు, తర్వాత గుడ్డ. నా మాట మార్చుకోను.

#16 ఎడారినక్క

కొండమల్లి గారూ, ఆ కాన్యన్ పేరేంటి? మేమూ వచ్చే నెల ఆ వైపే.

#17 మోడరేటర్

అందరికీ తెలిసినవి కాని కాన్యన్ల పేర్లు, దారులు, యాంకర్ల చోట్లు బహిరంగంగా రాయొద్దు. వ్యక్తిగత సందేశంలో అడగండి. అటు నడిచేవాళ్ళకు ఇంకో మాట: నల్లగా గరుకుగా కనిపించే నేల పొర సూక్ష్మజీవులతో బతికే మట్టి. ఒక్క అడుగు పడితే తిరిగి కోలుకోవడానికి ఏళ్ళు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. వాగు ఇసుకలోనో, బండ మీదో నడవండి.

#18 నీళ్ళకుండ

వాతావరణం గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్టోబరంటే జులై నుంచి సెప్టెంబరు దాకా ఉండే వానల కాలం దాటినట్టే, కానీ దాటింది కదా అని చూడకుండా వెళ్ళొద్దు. 2015 సెప్టెంబరు 14న మీరు దిగిన కీహోల్‌లోనే వరదకు ఏడుగురు చనిపోయారు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలో లోయర్ ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది. ఆంటిలోప్‌లో వాన పడింది అక్కడ కాదు, పైన దూరంగా. అందుకే మీరుండే చోటి వాన ఒక్కటే చూస్తే చాలదు, ఆ వాగులోకి నీరు చేరే మొత్తం ప్రాంతం మ్యాప్‌లో గుర్తించి దాని మీద సూచన చూడాలి.

వాన పడి రెండు మూడు రోజులే అయితే ఇంకో చిక్కు. తడిసిన శాండ్‌స్టోన్ బలం తగ్గుతుంది. సన్నటి రాతి కమాను చుట్టూ పట్టీ కట్టే ఆలోచన ఆ రోజుల్లో మానుకోండి.

#19 తాడుంది_బొంగరంలేదు

చాక్‌స్టోన్ అయితే అర్థమవుతుంది అన్నారు మొదట్లో. అది కూడా కదులుతుందని గుర్తుంచుకోండి. 2003లో ఆరన్ రాల్‌స్టన్ బ్లూజాన్ కాన్యన్‌లో, అదే రూస్ట్ ప్రాంతం, దిగుతుండగా కదిలింది చాక్‌స్టోనే. దాదాపు 360 కిలోలు. చెయ్యి ఇరుక్కుని ఐదు రోజులు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఇరుకులో రాయి ఎటు బిగుస్తుందో చూసి, మీ లాగుడు కూడా అటే ఉంటేనే కట్టండి. శాటిలైట్ మెసెంజర్ ఒకటి పట్టుకెళ్ళండి, ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు.

#20 నిదానం

తాడు లాగడం గురించి ఒక్క ముక్క. చివరి మనిషి దిగక ముందే కింద నుంచి ఓ మీటరు లాగి చూసుకోండి. కదలకపోతే పైన మనిషి ఉండగానే సరిచేయొచ్చు. అసలు లాగేటప్పుడు కొసన ముడి లేదని చూసుకుని, పక్కకు నిలబడండి. తాడు గట్టిగా పట్టేసి ఊపి లాగితే కుప్పలోని రాళ్ళే నెత్తిన పడొచ్చు. తాడు ఇరుక్కుంటే పైన దేన్ని పట్టుకుని ఆగిందో తెలియకుండా దాని మీద ఎక్కొద్దు.

#21 కొండమల్లి

వెళ్ళొచ్చాం! అందరూ ఇంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి జరిగింది రాస్తున్నా.

మొదటి రాపెల్‌కు గట్టి జూనిపర్ చెట్టు, గొడవలేదు. రెండోదానికి పాత కుప్ప ఉంది. పైకి చక్కగా కనిపించింది, పట్టీ కూడా కొత్తదే. విప్పి చూస్తే అసలు రాయి కింద వేలెడు మందం ఇసుక మేట. వరద ముందు వైపు రాళ్ళను ఈడ్చుకుపోయి వెనకవాటినే మిగిల్చింది. ఇసుక ఊడ్చి, రాయిని చిన్న గట్టుకు ఆనేలా దొర్లించి, ముందు రాళ్ళు కొత్తగా పేర్చాం. మా ఆయన బ్యాకప్‌తో దిగారు, గీత కదల్లేదు. నేను చివర.

మూడోది తలనొప్పి. నేల వాలుగా ఉంది, రాళ్ళన్నీ గుండ్రటివి, చిన్నవి. ఓ గంట చూసి అంచు దగ్గర పేర్చే ఆలోచన మానేశాం. వెనక్కి 6 మీటర్లు వెళ్ళి, వాగు మలుపులో ఇరుక్కున్న బండకు కట్టి పట్టీ పొడిగించాం. పట్టీ ఎక్కువ ఖర్చయింది, తాడు కొంచెం గట్టిగా లాగాల్సి వచ్చింది. అయినా బ్యాకప్ మీద కూర్చున్నవాళ్ళకు ఆ లంకె ఒక్కసారి కూడా బిగియలేదు.

మొత్తం 20 మీటర్ల వెబ్బింగ్ తీసుకెళ్ళాం, రెండు మీటర్లు మిగిలింది. వచ్చేసారి 30.

#22 రాళ్ళబాట

వెనక్కి వెళ్ళి వెతకడం చాలా మంచి నిర్ణయం అమ్మా. అంచు దగ్గరే యాంకర్ ఉండాలన్న నియమమేం లేదు, చాలామందికి అది తట్టదు. ఒక్క ప్రశ్న, వెబ్బింగ్ ఏ రంగు?

#23 కొండమల్లి

ఇసుక రంగు అన్నా. మాలో ఒకరు గులాబీ రంగు తెచ్చారు, చీకట్లో కనిపిస్తుందని. దాన్ని సంచులు దింపడానికి వాడేశాం, వెనక్కి తెచ్చేశాం.

#24 ఇసుకతిన్నె

శాండ్‌ట్రాప్ ఉండుంటే ఆ 18 మీటర్ల పట్టీలో సగం అక్కడ మిగిలేది కాదు. ఊరికే అంటున్నా.

#25 రాళ్ళబాట

వాలు నేల అని రాశారు చూడు. చదివే రాస్తున్నావా?